తీర్పు అయ్యేదాకా చేపలు బంద్

పులుసుకు ఒక పొంగు రానిచ్చి, మంట తగ్గించి, మూత ఓరగా పెట్టానో లేదో గేటు ముందు కారు ఆగింది. దిగింది మా తమ్ముడి కూతురు శ్రీలత. హైకోర్టులో వకీలు. ఆదివారం పూట నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ పిల్ల పాత చుడీదార్‌లో, జుట్టు ముడేసుకుని వస్తుంది. వచ్చీరాగానే వంటింట్లోకి దూరి గిన్నెల మూతలు తీసి చూస్తుంది. అలాంటిది ఆ రోజు పట్టుచీర కట్టుకుని, చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు గుమ్మం దగ్గరే నిలబడింది. అది నన్ను చూడడానికి కట్టిన చీర కాదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

"అన్నం తినను అత్తా. జరసేపు కూసొని పోత. సాగర్ రోడ్డు మీద ఫామ్‌హౌస్‌ల భోజనానికి పిలిచిన్రు" అంది.

ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో నాకు తెలుసు. పొద్దున్నే మా తమ్ముడు రాజేందర్ ఫోన్ చేసి చెప్పాడు. కొన్ని నెలల కింద పెద్ద జడ్జీలు కూర్చుని, హైకోర్టుకు జడ్జీగా శ్రీలత పేరు రాసి పైకి పంపారు. పంపినవాళ్ళ పని అయిపోయింది. సర్కారు అవునంటే ఈ పిల్ల జడ్జీ అవుతుంది. సర్కారు అవునూ అనదు, కాదూ అనదు. రోజూ సాయంత్రం టీవీలో ఈ తగువే. జడ్జీలను జడ్జీలే ఎంచుకుంటే ఎలా, ప్రజలు గెలిపించిన మాకు మాట ఉండొద్దా అని ఒకాయన అరుస్తాడు. మీరు ఎంచుకున్నవాళ్ళు మీ మీద కేసు వస్తే ఏం చేస్తారు అని ఇంకొకాయన అరుస్తాడు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటుంటాను. వాళ్ళిద్దరి మధ్య ఎక్కడో మా పిల్ల ఫైలు ఉంది. ఇప్పుడు ఢిల్లీ దాకా మాట చెల్లే నాయకుడొకాయన భోజనానికి రమ్మన్నాడు. అడిగేది ఏమీ లేదట, ఒక్కసారి మేడమ్‌ను చూస్తాడట. ఆయన భూముల కేసులు ఆ కోర్టులోనే నడుస్తున్నాయి.

"అక్కా, నువ్వు జర నచ్చజెప్పు. ఒక్క నమస్తే పెడితే ఏం పోతది? మన బెస్తోళ్ళ వాడకెల్లి గంత పెద్ద కుర్చీల ఎవలన్న కూసున్నరా?" అన్నాడు రాజేందర్. వాడి ఆశ తప్పని నేను అనను. ఆ పిల్ల చదువు కోసం వాడు పడ్డ పాట్లు నేను కళ్ళారా చూశాను.

శ్రీలత చివరికి చెప్పులు విడిచి వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. పులుసు వాసనకు ముఖం కాస్త విప్పారింది. "అత్తా, తాతకు చేపల పులుసు పెట్టి ఇరికిచ్చిన్రంట గద. డాడీ సగం చెప్తడు, సగం నవ్వుతడు. అసలు ఏమైంది?" అని అడిగింది. దగ్గరలో ఉన్న భోజనం మాట ఎత్తకుండా ఎప్పటిదో పులుసు మాట ఎత్తింది. ఈ పిల్ల మనసు ఇంకా అటూ ఇటూ ఊగుతోందని నాకు అర్థమై, గరిటె పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ఆమెకు చెప్పిందే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్టకు దిగువన మా వాడ. ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ఏ ఇంటి గోడకు చూసినా వలలు వేలాడేవి. వలలకు పట్టించే తుమ్మచెక్క రంగు వాసన, ఎండబెట్టిన పరక చేపల వాసన, మట్టి అటిక అడుగున మాడిన పులుసు వాసన, ఈ మూడూ కలిస్తే అదే మా ఇల్లు. బడికి వెళ్తే పక్క పిల్లలు ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ వాసన తగిలితే ఆకలేస్తుంది. బాపు తెల్లవారకముందే తెప్ప మీద పోయి, పొద్దెక్కేసరికి తడి పంచెతో వచ్చేవాడు. వచ్చి అరుగు మీద కూర్చుని, ఎవరితో మాట్లాడకుండా ఒక బీడీ తాగేవాడు. ఆ బీడీ అయ్యేదాకా ఆయన్ను ఏదీ అడగకూడదని మాకు చెప్పకుండానే తెలుసు. మా అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆమె గంప నెత్తిన పెట్టుకుని శేరిగూడ దాకా పోయి చేపలు అమ్ముకొచ్చేది. పోయేటప్పుడు ఎంత అరుస్తూ పోయేదో వచ్చేటప్పుడూ అంతే అరుస్తూ వచ్చేది.

మా వాడలో తగాదా వస్తే పోలీసు దగ్గరికీ పోయేవారు కాదు, కోర్టుకూ పోయేవారు కాదు. కట్ట మీద, తూముకు దగ్గరగా ఒక చదునైన బండ ఉండేది. అక్కడ కూర్చునేవారు. తీర్పు చెప్పే పెద్దమనిషిని తగాదా పడ్డ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోవడం అందరి ముందు జరగాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా ఇంకో పేరు చూడాల్సిందే. ఎందుకు వద్దంటున్నావని అడగడం తప్పు. బాపు తక్కువ మాట్లాడేవాడు కాబట్టో, ఎవరి మీదా గొంతు లేపడు కాబట్టో, చాలాసార్లు ఆయన పేరు దగ్గరే ఇద్దరూ ఆగేవారు.

అయితే అలా ఒప్పుకున్న పెద్దమనిషికి ఒక కట్టుబాటు ఉండేది. పేరు ఒప్పుకున్నప్పటి నుంచి తీర్పు చెప్పేదాకా ఆ ఇంట్లో మన చెరువు చేప వండకూడదు. చెరువులో పడ్డ చేప ఎవరో ఒకరి వలలోదే కదా, ఆ ఎవరో తగాదాలో ఎవరికో ఒకరికి చుట్టమే కదా. అందుకని అసలే వద్దు. పెద్దమనిషి ఒక్కడే కాదు, ఇంటిల్లిపాదీ తినకూడదు. వాడలో అందరి ఇళ్ళ నుంచి పులుసు వాసన వస్తుంటే మేము పచ్చిపులుసు పోసుకుని జొన్న గటక తినేవాళ్ళం. ఎవరైనా కొట్లాడుకుంటుంటే వేరే పిల్లలు చూడడానికి పరుగెత్తేవారు. నేనూ రాజేందర్ గుండెలు పట్టుకునేవాళ్ళం. ఒకసారి జెల్ల చేపలు బాగా పడ్డ రోజుల్లో ఇద్దరు పెద్దవాళ్ళు వల చిరిగిందని తిట్టుకుంటుంటే రాజేందర్ మధ్యలో దూరి, "జర కలిసిపోండ్రి పెద్దనాయనా, మీ కాళ్ళు మొక్కుత" అన్నాడు. వాడి మంచితనానికి వాడంతా మురిసిపోయింది. అసలు సంగతి మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.

"మీరు న్యాయం చెప్పేది కట్ట మీద, ఆకలి నా పొయ్యి కాడనా?" అని అవ్వ సణిగేది. బాపు ఇంకో బీడీ ముట్టించేవాడు.

అట్లాంటి రోజుల్లో సాయమ్మ తగాదా వచ్చింది. సాయమ్మ మాకు రెండిళ్ళ అవతల ఉండేది. భర్త జ్వరం వచ్చి పోయాడు. చిన్న ఆడపిల్ల ఉంది. తూము దగ్గర వల వేసుకునే జాగాలు కొన్నే ఉండేవి, నీళ్ళు వదిలినప్పుడు చేపలన్నీ అక్కడికే వస్తాయి. ఆమె భర్తకు అక్కడ ఒక జాగా ఉండేది. అతను పోగానే మరిది మల్లేశు దాంట్లో వల వేశాడు. మా అన్న జాగా నాదే అన్నాడు. సాయమ్మ ఒప్పుకోలేదు. ఎవరినో పెట్టి వేయిస్తానని కూడా అనలేదు. "నేనే ఏసుకుంట" అంది. ఆడది వల వేయడం వాడలో ఎవరూ చూసి ఉండలేదు. ఆడవాళ్ళు అమ్మాలి, మగవాళ్ళు పట్టాలి. మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు, అవ్వతో సహా. సాయమ్మకు మాత్రం అది నవ్వులాట కాదు. ఆ జాగా పోతే ఆమె, ఆ పిల్ల ఎవరింటికో పనికి పోయి బతకాల్సిందే.

బాపు పేరుకు సాయమ్మ సరేనంది, మల్లేశు సరేనన్నాడు. మా ఇంట్లో చేపలు బంద్ అయ్యాయి.

మా దగ్గర ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన్ను ప్రెసిడెంట్ సాబ్ అనేవారు. ఆయన దేనికి ప్రెసిడెంటో నాకు తెలిసేది కాదు, అడిగితే పెద్దవాళ్ళకూ తెలిసేది కాదు. తెల్లటి ఖద్దరు, చేతికి గడియారం, వెనుక ఇద్దరు మనుషులు. ఓట్లు వచ్చినప్పుడు మల్లేశు ఆయన కోసం వాడంతా తిరిగేవాడు. ఆయన ఒక మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని, ఇక నుంచి బండ మీద ఎవరు కూర్చోవాలో తానే చెప్తానన్నాడు. "ఎవలకో ఒకలకు జిమ్మెదారి ఉండాలె గద. మీలో మీరే పెద్దమనుషులను జేసుకుంటే ఎట్ల? జనం నన్ను గెలిపిచ్చిన్రు" అన్నాడు. బాపు, "తగాదా పడ్డోళ్ళు ఒప్పుకుంటే మీరు చెప్పినోడే కూసుంటడు సాబ్" అన్నాడు. ఆయనకు ఆ జవాబు నచ్చినట్టు లేదు. మజ్జిగ తాగకుండానే లేచాడు.

తీర్పుకు ముందు రోజు, బాపు లేని సమయంలో, రావిర్యాల నుంచి ఒకామె గంప దించింది. రావిర్యాల అవ్వ పుట్టినూరు. ఆమెను అవ్వ పుట్టింటికి పోయినప్పుడు ఒకసారి చూసిందట. గంపలో నల్లగా నిగనిగలాడుతున్న కొర్రమట్ట చేప. "మా చెరువుదే వదినా, ఆడబిడ్డకని తెచ్చిన" అంది. కట్టుబాటు మన చెరువు చేపకే గాని వేరే చెరువు చేపకు కాదు. పుట్టింటి నుంచి వచ్చిన చేపను కాదనే ఆడది మా వాడలో పుట్టలేదు. అవ్వ ఆ రోజు పాడుకుంటూ వండింది. ఉల్లిగడ్డను నిప్పుల మీద కాల్చి నూరింది. మెంతులు వేయించి పొడి కొట్టింది. చింతపండు చిక్కగా పిసికి పోసింది. బాపు వచ్చి అటిక మూత చూసి, "గీ చేప ఎవలిచ్చిన్రు?" అని అడిగాడు. తగాదా ఉన్నా లేకున్నా, తను పట్టని చేప ఉడికితే ఆయన అన్నం ముందు అడిగే మాట అదే. "మా రావిర్యాలది" అంది అవ్వ గొప్పగా. ఆయన కంచం ముందు కూర్చున్నాడు. రెండోసారి కూడా వేయించుకుని తిన్నాడు. రాజేందర్ అటిక నాకినంత పని చేశాడు. అంత రుచైన పులుసు మళ్ళీ తిన్నానో లేదో నాకు అనుమానమే.

తెల్లారి బావి దగ్గర మల్లేశు భార్య అవ్వను చూసి, "మా చెల్లె ఇచ్చిన చేప మంచిగ ఉడికిందా వదినా?" అంది నవ్వుతూ. ఆ గంప దించిన ఆమె మల్లేశుకు మరదలు, రావిర్యాలకు కోడలిగా పోయింది. చేప మన చెరువుదే, మల్లేశు వలలోదే. అవ్వ బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చి అరుగు కింద కూలబడింది. ఏడుస్తూ చెప్పింది. బాపు బీడీ ఆరిపోయింది. ఆయన ముఖం అలా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు భయం వేసి ఆయన భుజం పట్టుకున్నాను.

ఆ ఏడుపు ఆగకముందే ప్రెసిడెంట్ సాబ్ వచ్చాడు. ఈసారి మజ్జిగ అడిగి తాగాడు. "తిన్న సంగతి మేమెవ్వలం బయట పెట్టం. తినంగనే ఏమైతది? నువ్వే కూసో, నువ్వే తీర్పు చెప్పు. మల్లేశును జర సూడు, గంతే" అన్నాడు చాలా ప్రేమగా. ఆయన వెళ్ళాక అవ్వ కళ్ళు తుడుచుకుని, "పానం బాగలేదని పండుకో. పోకు" అంది. బాపు పంచె మార్చుకుని, తువ్వాలు భుజాన వేసుకుని కట్ట ఎక్కాడు. మేమూ వెనకాలే పోయాం.

అందరూ కూర్చున్నారు. ప్రెసిడెంట్ సాబ్‌కు కుర్చీ వేశారు. బాపు బండ మీద కూర్చోలేదు. దాని పక్కన నేల మీద నిలబడి, "నిన్న మా ఇంట్ల మల్లేశు చేప తిన్నం. రావిర్యాలదని తెచ్చిన్రు, అడిగే తిన్న. ఇయ్యాల తెలిసింది. తెలవక తిన్నా తిన్నదే. పొద్దుగాల సాబ్ వచ్చి, చెప్పకుంట కూసో, మల్లేశును జర సూడు అన్నడు. గిది గూడ మీకు తెలవాలె" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి వినడం మాకు కొత్త. జనంలో గోల లేచింది. ప్రెసిడెంట్ సాబ్ లేచి, "మీ కట్టుబాటు మీ పెద్దమనిషే తప్పిండు. ఇగ నేను చెప్పినోడు కూసుంటడు" అన్నాడు.

సాయమ్మ ఆడవాళ్ళ గుంపులోంచి లేచింది. పిల్లను అవ్వ ఒళ్ళో కూర్చోబెట్టి ముందుకు వచ్చింది. "సాబ్, తగాదా నాది, మల్లేశుది. తూముకాడ మీకేమన్న జాగ ఉన్నదా?" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత బాపు వైపు తిరిగి, "తిన్నాయన చెప్పిండు. పెట్టినోళ్ళు చెప్పలే. నాకు ఈయనే కూసోవాలె" అంది.

మల్లేశు కూడా వద్దనవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు వద్దంటే కారణం అందరికీ తెలిసినట్టే. కాళ్ళ దగ్గరి మట్టి గీరి, "సరే" అన్నాడు. బాపు బండ మీద కూర్చుని, "జాగ వల ఏసేటోళ్ళది. నేనే ఏస్త అంటున్నది. ఏస్తే ఆమెది. మల్ల ఎండాకాలం దాక ఏయకుంటే మల్లేశుది" అన్నాడు. సాబ్ కుర్చీ అప్పటికే ఖాళీగా ఉంది.

సాయమ్మ మొదట్లో వేసిన వలలు చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. చేపలకంటే ఎక్కువ ఆమే చిక్కుకునేది. ఆ తర్వాత నడుము లోతు నీళ్ళలో నిలబడి ఆమె వల విసిరితే మల్లేశు కూడా ఆగి చూసేవాడు. బాపు మాత్రం తెలియక తిన్నందుకు ఇంటికి తనే శిక్ష వేశాడు, వానలు పడేదాకా చేప లేదని. "తిన్నది నువ్వు, ఉపాసం పిల్లలకా?" అని అవ్వ మండిపడింది. "ఇల్లంత తిన్నది గద" అన్నాడు. చెరువు నిండాక మొదటి చేప సాయమ్మే తెచ్చింది. తగాదాలేమీ లేవని నాలుగుసార్లు అడిగి గానీ అవ్వ తీసుకోలేదు.

ఇదంతా విని శ్రీలత నవ్వింది. నవ్వి, ఆ పిల్ల అలవాటు ప్రకారం తప్పులు పట్టింది. "ఆ బండ మీద ఎప్పుడన్న ఆడామె కూసున్నదా అత్తా?" అంది. లేదన్నాను. సాయమ్మ వల వేసింది గానీ ఆమెను పెద్దమనిషిగా ఎవరూ అడగలేదు. మాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ కట్ట మీద జరిగిన న్యాయమంతా బంగారమని నేను అనను. ఈ రోజున మా వాడ పిల్ల పేరు హైకోర్టుకు పోయిందంటే, అప్పటికంటే ఇప్పుడే బాగుంది అనుకునేదాన్ని నేను.

"తాతకు కట్ట ఉండె. అందరి ముంగట నిలబడి చెప్పిండు" అంది మెల్లగా. "మా పేర్లు రాసేటోళ్ళు తలుపులు ఏసుకొని రాస్తరు. ఆపేటోళ్ళు తలుపులు ఏసుకొని ఆపుతరు. ఎందుకో ఇద్దరూ చెప్పరు. నేను ఏడ నిలబడి చెప్పాలె?"  నేను మూత తీసి పులుసు కలిపాను.

ఆమె ఫోన్ మోగింది. పిలిచినాయన మనిషి. సార్ ఎదురుచూస్తున్నారట. శ్రీలత పీట మీద నుంచి లేచి నిలబడింది. "సార్ కేసులు మా కోర్టులనే ఉన్నయి. నేను భోజనానికి రాను. పిలిచినట్టు మా సీనియర్‌కు, మా పేర్లు రాసిన పెద్ద జడ్జీకి ఇయ్యాలనే చెప్త. మీకు గూడ చెప్తున్న, తర్వాత తెలవదనొద్దు" అని పెట్టేసింది.  నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

వెంటనే రాజేందర్ ఫోన్. ఎవరు చెప్పారో గానీ వాడికి అప్పటికే తెలిసింది. "పాగల్ అయినవా బిడ్డా? గిట్లయితే ఫైలు వస్తదా?" అని అరిచాడు. "అది బాలాపూర్ గణేశుని లడ్డూ కాదు గద డాడీ, వేలంపాట పాడి తెచ్చుకునేటందుకు" అంది ఆ పిల్ల.  వాడు ఇంకాసేపు గొణిగి, "మీ అత్త ఏం వండింది?" అని అడిగాడు. కొర్రమట్ట పులుసు అంటే, "నాకు జర ఉంచమను" అన్నాడు.

ఇది రాస్తున్నప్పటికీ ఫైలు కదలలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. టీవీలో ఆ ఇద్దరూ ఇంకా అరుచుకుంటూనే ఉన్నారు. వస్తే బాగుండునని నాకు గట్టిగా ఉంది, దాచను. రాకపోతే మా పిల్ల నల్లకోటు వేసుకుని ఎప్పటిలాగే వాదించుకుంటుంది, ఆదివారం ఎప్పటిలాగే వస్తుంది. నేను నిమ్మళంగానే ఉన్నాను.

ఆ రోజు పట్టుచీర విప్పి నా బీరువాలోని తన పాత చుడీదార్ వేసుకుని కంచం ముందు కూర్చుంది. నేను గరిటె ఎత్తగానే కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"గీ చేప ఎవలిచ్చిన్రు అత్తా?"

"ఎవలియ్యలే. పొద్దుగాల కొన్న."

"ఎవల దగ్గర?"

"సాయమ్మ మనుమరాలి దగ్గర."

చెయ్యి తీసేసింది. "అయితే ఎయ్యి" అంది.